ఫోటోలో పడ్డ చేతులు

మా వాడి తల మీద ఈ చెవి నుంచి ఆ చెవి దాకా ఒక గీత ఉంది. తిన్నగా ఉండదు, మెలికలు తిరిగి ఉంటుంది. జుట్టు పెరిగితే దాక్కుంటుందని డాక్టరమ్మ చెప్పింది గానీ మా వాడి జుట్టుకు తొందరేమీ ఉన్నట్టు లేదు. అందుకని శంషాబాద్ మార్కెట్లో టమాటాలు ఏరుకుంటున్నా, పెళ్లిలో బంతిన కూర్చున్నా ఎవరో ఒకరు వంగి చూస్తారు. "కింద పడ్డడా?" అంటారు. కాదంటే "అయ్యో పాపం" అంటారు. పాపం అనడానికి ఇక్కడేమీ లేదు. పదకొండు నెలల వాడు గోడ పట్టుకుని లేస్తున్నాడు, నా కమ్మలు లాగుతున్నాడు, వాళ్ల నాన్న కారు హారన్ వినిపిస్తే గుమ్మం దాకా పాకుతున్నాడు. కనిపించిన ప్రతివాళ్లకూ ఒకే కథ చెప్పి నోరు నొప్పి పుడుతోంది కాబట్టి ఒక్కసారే రాసి పెడుతున్నాను. ఇంట్లో చంటిపిల్లలున్న వాళ్లు చదివితే మరీ మంచిది.

మాది మామిడిపల్లి. నా పేరు మంజుల. మా ఆయన యాదగిరి ఎయిర్‌పోర్టులో క్యాబ్ నడుపుతాడు. నేను అక్కడే ఒక గోదాములో పెట్టెల మీద చీటీలు అంటించే పని చేసేదాన్ని, కాన్పుకు సెలవు పెట్టాను. ఇంట్లో ఇంకో మనిషి మా అత్తమ్మ బాలమణి. నిజానికి ఈ కథ సగం ఆమెదే.

ఫిబ్రవరి

మా ఊళ్లో ఎవరింట్లో పిల్ల పుట్టినా మా అత్తమ్మకు కబురొస్తుంది. ముప్పై ఏళ్లుగా ఆమె చంటిపిల్లలకు నీళ్లు పోస్తోంది. చీర మోకాళ్ల దాకా దోపుకుని, కాళ్లు బారజాపి, బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుని, ఆముదం రాసి, శనగపిండితో నలుగు పెట్టి, వేడినీళ్లు పోసి, చివరికి తల ఒత్తుతుంది. తలను రెండు అరచేతుల మధ్య పెట్టుకుని నుదుటి నుంచి వెనక్కి, చెవుల నుంచి పైకి నెమ్మదిగా అదుముతుంది. అప్పుడు తల గుండ్రంగా వస్తుందని మా వైపు నమ్మకం. తర్వాత ఆవాల దిండు మీద పడుకోబెడుతుంది. తల కింద ఆవాలు అటూ ఇటూ జరుగుతాయి కాబట్టి తల చపిడి కాదంటారు. బాలమణి చేతిలో పడ్డ తల బత్తాయి లెక్క ఉంటదని ఊళ్లో పేరు. మా ఆయన తల కూడా ఆమె చేసిందే. బయటికి గుండ్రంగానే ఉంది, లోపలి సంగతి నాకు తెలుసు.

అత్త లేని కోడలు ఉత్తమురాలని సామెత. నాకు ఆ అవకాశం లేకపోయింది. మా అమ్మ కొత్తూరులో ఫ్యాక్టరీకి పోతుంది, సెలవు దొరకదు. అందుకని కాన్పయ్యాక కూడా అత్తగారింట్లోనే ఉన్నాను. నిజం చెప్పాలంటే ఆమె చూసుకున్నట్టు మా అమ్మ కూడా చూసుకునేది కాదేమో. ఈ మాట మా అమ్మకు చెప్పకండి.

ఇరవై ఒకటో రోజున తొట్లె ఉయ్యాల కట్టి అందులో వేశాం, రిత్విక్ అని పేరు పెట్టాం. మా అత్తమ్మకు ఆ పేరు నోరు తిరగక రుత్తిగాడు అంది, అదే ఖాయమైంది. ఆ రోజు వచ్చిన చుట్టాల్లో ఒక పెద్దావిడ తొట్లెలోకి తొంగి చూసి, "ఏందే బాలమణి, ఊరోళ్ల పిల్లలందరికి బత్తాయి, నీ మనుమనికి సొరకాయనా?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కాకి పిల్ల కాకికి ముద్దు, నా కంటికి వాడి తలలో ఏ లోటూ కనిపించలేదు. మా అత్తమ్మ మాత్రం నవ్వలేదు. మరునాటి నుంచి ఆమె తలుపు మూసి నీళ్లు పోయడం మొదలుపెట్టింది. చలిగాలి అంది. అంతకు ముందు కంటే ఎక్కువసేపు తల ఒత్తేది.

మార్చి చివర

ఆరు వారాల సూదులకు అంగన్‌వాడీకి తీసుకెళ్లాం. సూదులు వేసేది నస్రీన్ సిస్టర్. శంషాబాద్ మనిషి, మా ఊరి పిల్లల పేర్లన్నీ ఆమెకు నోటికి వచ్చు. ఆ రోజు ఆమె దగ్గర ఒక కొత్త పని ఉంది. సిటీలోని ఒక పెద్ద దవాఖాన వాళ్లు ఆమె ఫోనులో ఏదో పెట్టి నేర్పించారట. పిల్లల తలకు తెల్లటి పల్చటి టోపీ తొడిగి, సరిగ్గా పైనుంచి ఫోటో తీస్తుంది. ఫోను ఆ తల చుట్టూ ఒక గీత గీసి, పొడవెంత వెడల్పెంత అని లెక్క చూసుకుని, బాగుంటే పచ్చ రంగు, పెద్ద డాక్టరు చూడాలంటే ఎరుపు రంగు చూపిస్తుంది.

"ఇది రోగం పేరు చెప్పదు అక్కా," అంది సిస్టర్. "ఎవరిని తొందరగ పంపాల్నో చెప్తది, గంతే. జుట్టు అడ్డం రాకుండ టోపీ. పిల్లగాడు మెదలకుండ ఎవరన్న జర పట్టుకోన్రి."

"నేను పడ్త," అంది మా అత్తమ్మ. "నా అంత మంచిగ ఎవరు పడ్తరు?"

అది అందరూ ఒప్పుకోవలసిన మాటే. నూనె చేతులు జారతాయని భుజం మీది తెల్ల తువ్వాలు తీసి చేతులకు చుట్టుకుని, వాడి తల రెండు పక్కలా పట్టుకుంది. గది నిండా తల్లులు, ఏడుపులు. సిస్టర్ ఒక చేత్తో ఫోను పట్టుకుని ఇంకో చేత్తో పేర్లు రాసుకుంటోంది. ఫోటో తీసింది. పచ్చ వచ్చింది.

మా అత్తమ్మ ఇంటికి వచ్చేదాకా మాట్లాడలేదు. సాయంత్రం మా ఆయనకు మాత్రం చెప్పింది. "ఫోను గూడ చెప్పింది, పోరని తల మంచిగున్నదట." నాకు కూడా సంతోషమే అయింది. సొరకాయ అన్న ఆవిడ ఎదురైతే చెప్పాలని మాట కూడా సిద్ధం చేసుకున్నాను.

మే

ఏప్రిల్‌లో సూదులకు నస్రీన్ సిస్టర్ రాలేదు, సెలవులో ఉంది. వేరే ఆమె వచ్చి సూదులు వేసి పంపించింది. మే నెలలో మూడో విడత సూదుల నాటికి మా అత్తమ్మ చుట్టాల పెళ్లికి షాద్‌నగర్ పోయింది. వాణ్ని నేనొక్కదాన్నే తీసుకెళ్లాను. ఎండకు నూనె కూడా రాయలేదు. సిస్టర్ మళ్లీ టోపీ తొడిగింది. నేను వాడి భుజాలు పట్టుకున్నాను. ఫోటో తీసింది. ఎరుపు.

ఆమె ఇంకోటి తీసింది. ఎరుపు. తలుపు దగ్గర వెలుతురులో పడుకోబెట్టి మూడోసారి తీసింది. అదీ ఎరుపే.

"పోయినసారి పచ్చ వచ్చింది గద సిస్టర్," అన్నాను.

ఆమె పాత ఫోటో తెరిచింది. చాలాసేపు చూసి నాకూ చూపించింది. టోపీ తెలుపు, తువ్వాలు తెలుపు. ఎక్కడ తల ఆగిపోయి ఎక్కడ తువ్వాలు మొదలైందో ఫోనుకు తెలియలేదు. రెండింటినీ కలిపి చుట్టూ గీత గీసేసింది. చెవుల పక్కన మా అత్తమ్మ చేతుల మందం అంతా మా వాడి తల వెడల్పు కింద లెక్కలోకి వెళ్లింది.

"తప్పు నాది అక్కా," అంది నస్రీన్ సిస్టర్. "తల దగ్గర ఏం లేకుండ చూసుకోమని మాకు చెప్పిన్రు. నేను చూడలే. నేను చూడాల్సింది."

ఆమె నిజంగానే ఆ తప్పు తన మీద వేసుకుంది. తన పై వాళ్లకు రాసి పంపింది, మీటింగులో నిలబడి చెప్పిందట. ఊళ్లో మాత్రం ఆ మాట వేరేగా తిరిగింది. సిస్టర్ ఫోను తప్పు చెప్తుందని, దాన్ని నమ్మితే అంతే సంగతులని అన్నారు. కొందరు తల్లులు ఫోటో వద్దని సూదులు మాత్రం వేయించుకుని పోవడం మొదలుపెట్టారు. నేను కూడా రెండు మూడు చోట్ల ఆమె మీద నోరు పారేసుకున్నాను. ఇప్పుడు ఆ మాటలు వెనక్కి తీసుకుంటున్నాను.

ఇంట్లో పెద్ద పంచాయితీ అయింది. మా ఆయన తేలిగ్గా తీసేశాడు. "ఫోను చెప్పిందని దవాఖానకు ఉర్కుతమా? నా ఫోను దినాం తప్పు రూటే చూపెడ్తది. పుర్రెకో బుద్ధి అంటరు, పుర్రెకో షేపు గూడ ఉంటది." పెళ్లి నుంచి తిరిగొచ్చిన మా అత్తమ్మ ఏమీ అనలేదు. వాణ్ని ఒళ్లో వేసుకుని కూర్చుంది. ఎప్పుడూ ఆమె మాటే చివరి మాట కావడం అలవాటైన ఇల్లు అది. ఆమె మాట్లాడకపోయేసరికి నాకు భయం ఎక్కువైంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం నావల్ల కాదు, నువ్వు కారు తీయకపోతే నేను బస్సులో పోతా అని మా ఆయనకు చెప్పాను. తీశాడు.

జూన్

ఆ ప్రయాణం నేను మరిచిపోతే బాగుండు. ఆరాంఘర్ దగ్గర బండ్లు ఆగిపోయాయి. వెనక సీట్లో నేను, పక్కన మా అత్తమ్మ, ఒళ్లో వాడు. ఆమె చేయి అలవాటుగా వాడి తల మీదికి పోయింది. నాలో ఏదో తెగిపోయింది.

"ఆ చెయ్యి తియ్యి అత్తమ్మా," అన్నాను. "గా చేతులే నా కొడుకు తల ఖరాబు చేసినయి. ఎవలు ఒత్తుమన్నరు నిన్ను?"

మా ఆయన అద్దంలోంచి నా వైపు చూశాడు. మా అత్తమ్మ చేయి తీసి తన ఒళ్లో పెట్టుకుంది. దవాఖాన వచ్చేదాకా ఆ చేతులు అలాగే ఉన్నాయి.

పెద్ద దవాఖానల్లో వేచి ఉండడం ఒక ఉద్యోగం. పేరు రాయించుకునే దగ్గర ఒక వరస, బరువు చూసే దగ్గర ఒక వరస, మళ్లీ డాక్టరు గది ముందు. ఇనుప బెంచీల మీద మా లాంటి వాళ్లే, ఒక్కొక్కరి ఒళ్లో ఒక్కో భయం. వాచ్‌మన్ ఒకతను మా వాడు ఏడుస్తుంటే వచ్చి ఫ్యాన్ కింద బెంచీ ఖాళీ చేయించాడు. అడగకుండానే చేసిన సాయం కాబట్టి గుర్తుండిపోయింది.

డాక్టరమ్మ కోస్తా వైపు మనిషి, మెత్తగా మాట్లాడింది. వాడి తల చుట్టూ, పైన, వేళ్లతో తడిమి చూసింది. తర్వాత మా ముగ్గురి వైపు చూసి, "బాబుకి స్నానం ఎవరు చేయిస్తారండీ?" అని అడిగింది.

మా అత్తమ్మ బడిలో పిల్లలా చేయి ఎత్తింది.

"మీ చేతికి ఎప్పుడైనా తేడా తెలిసిందా అమ్మా?"

మా అత్తమ్మ లేచి దగ్గరికి వెళ్లింది. కళ్లు మూసుకుంది. చూపుడు వేలు వాడి నడినెత్తిన మెత్తగా కొట్టుకునే మాడు దగ్గర పెట్టి, అక్కడి నుంచి వెనక్కి, మెడ పైదాకా ఒక్క గీత గీసింది. "ఇంత దూరం డాక్టరమ్మా. అందరు పిల్లలకు ఈడ వేలుకు సందు తగుల్తది. వీనికి సందు లేదు. చింతగింజలు వరసగ పెట్టినట్టు గట్టిగున్నది. మూడో వారం నుంచే నాకు ఎరుక."

డాక్టరమ్మ ఆమె వేలు వెంటే తన వేలు పోనిచ్చి చూసింది. "రేపు స్కాన్ కూడా ఇదే చెప్తుంది, చూడండి," అంది. "ఇంత కచ్చితంగా చూపించిన వాళ్లని నేనెప్పుడూ చూడలేదు."

"నేను ఒత్తుతె వచ్చిందా?" అని అడిగింది మా అత్తమ్మ.

"ఒత్తితే రాదమ్మా. ఒత్తితే పోదు కూడా. ఇది కడుపులో ఉన్నప్పుడే మొదలవుతుంది."

చంటిపిల్లల పుర్రె ఒకే ముక్క కాదట. పలకలు పలకలుగా ఉండి, మధ్యలో సందులుంటాయట, లోపల మెదడు పెరిగే కొద్దీ పలకలు జరగడానికి. మా వాడికి నడినెత్తి మీది సందు ముందే మూసుకుపోయింది. వెడల్పుకు దారి లేక తల పొడుగ్గా సాగుతోంది. అలాగే వదిలేస్తే లోపల మెదడుకు చోటు చాలకపోవచ్చు, చూపు మీదా తెలివి మీదా దెబ్బ పడొచ్చు. ఆపరేషన్ చేసి ఆ ఎముక తీసి దారి ఇవ్వాలి. చిన్న వయసులో చేస్తేనే మంచిది. సమయానికే వచ్చారు, ఇంకా ఆలస్యం మాత్రం చేయకండి అంది. ఇక తల ఒత్తకండి, దిండు కూడా తీసేయండి అని మా అత్తమ్మకు విడిగా చెప్పింది.

బయటికి వచ్చాక బెంచీ మీద ఆమె పక్కన కూర్చున్నాను. క్షమించమనే మాట మా ఇళ్లలో పలికే అలవాటు లేదు. వాణ్ని ఎత్తి ఆమె ఒళ్లో పెట్టాను. ఆమె చేతులు వాడి మీద వేయలేదు. నేనే ఆమె చేయి తీసి వాడి తల మీద పెట్టాను.

"మూడో వారంలనే తెలిస్తే ఎందుకు చెప్పలే అత్తమ్మా?"

"చెప్తే బాలమణి చేతులే ఖరాబు జేసినయంటరని," అంది. "నువ్వు అన్నవు గద."



జూలై

ఊళ్లో బోనాల హడావుడి మొదలైన వారం ఆపరేషన్. పొద్దున్నే వాడికి పాలు ఇవ్వకూడదన్నారు. కత్తి సంగతి డాక్టర్లు చూసుకుంటారు, పాలు అడిగే బిడ్డను చూడడం మాత్రం తల్లి వంతు. వాడు నా జాకెట్టు పట్టుకుని గుంజుతూ ఏడ్చాడు. పాలు పొంగి చీరంతా తడిసింది. మా అత్తమ్మ వాణ్ని నా దగ్గర నుంచి లాక్కుని వరండా ఆ చివరికి తీసుకుపోయి, కిటికీలోంచి కనిపించే కాకులన్నింటికీ పేర్లు పెట్టి చెప్పింది. ఆపరేషన్ గది తలుపు దగ్గర మాత్రం నా చేతికే ఇచ్చింది. "తల్లివి నువ్వు, నువ్వే ఇయ్యాలె," అంది. ఇచ్చాను. తలుపు మూసుకుంది.

పుట్టు వెంట్రుకలు తీయక ముందే కత్తెర పడుతుందని ఆమెకు ఒక బెంగ ఉండేది. లోపలికి తీసుకుపోయిన నర్సమ్మకు ఆ మాట ఎవరు చెప్పారో తెలియదు. కాసేపటికి కట్టు కట్టే పల్చటి గుడ్డలో మడిచిన చిన్న పొట్లం తెచ్చి మా అత్తమ్మ చేతిలో పెట్టింది. తీసిన వెంట్రుకలన్నీ అందులో ఉన్నాయి.

ఎప్పుడూ నోరు మూతపడని మా ఆయన ఆ రోజు ఒక్క జోకు వేయలేదు. కిందికి పోయి కారు అద్దాలు తుడిచాడట. పైకి వచ్చాడు, మళ్లీ పోయి తుడిచాడు. పార్కింగు అతను అడిగితే దుమ్ము బాగుందన్నాడట. వాన పడుతోంది అప్పుడు.

నా పక్కన మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన ఒక అమ్మ కూర్చుంది. వాళ్ల బాబుకు పది రోజుల ముందు ఇదే ఆపరేషన్ అయింది, కుట్లు చూపించడానికి వచ్చారు. ఆమె చెప్పిన మాట నాకు మందు కంటే ఎక్కువ పని చేసింది, అందుకే ఇక్కడ రాస్తున్నాను. "చెల్లె, బయటికి తెచ్చినప్పుడు చూసి బెదరకు. రేపటికి మొఖం ఉబ్బుతది. కండ్లు రెండు మూసుకపోతయి. పిల్లగాడు గుడ్డోడైండని నేను మొత్తుకున్న. మూడు దినాలకు వాడే తెరుస్తడు." ఎవరూ చెప్పకుండా అది చూసి ఉంటే నేను అక్కడే పడిపోయేదాన్ని. సరిగ్గా ఆమె చెప్పినట్టే అయింది. మొహం ఉబ్బింది, కళ్లు మూతపడ్డాయి, మా గొంతులు విని చేతులతో గాలిలో వెతికాడు.

నస్రీన్ సిస్టర్ సెలవు రోజు చూసుకుని శంషాబాద్ నుంచి బస్సెక్కి వచ్చింది. ఖర్జూరాలు తెచ్చింది. వాడి మంచం పక్కన నిలబడి పెదాలు కదుపుతూ దువా చేసింది. "అంత నావల్లనే లేటైంది పెద్దమ్మా," అంది మా అత్తమ్మతో. మా అత్తమ్మ తల ఎత్తలేదు. ఖర్జూరాల పొట్లం చేతిలో తిప్పుతూ కూర్చుంది. పాపం నిద్ర లేక అలా ఉందనుకున్నాను.

మూడో రోజు సాయంత్రం వాడి ఎడమ కన్ను కొంచెం తెరుచుకుంది. మొదట చూసింది నన్ను కాదు, వాళ్ల నాయనమ్మను. చూసి నవ్వాడు కూడా. ఈ సంగతి ఆమె ఇప్పటికీ వారానికి ఒకసారి నాకు గుర్తు చేస్తుంది.

నవంబర్

తొమ్మిదో నెల సూదికి ముగ్గురం అంగన్‌వాడీకి వెళ్లాం. వాడి తల ఇప్పుడు బత్తాయి కాదు, సొరకాయా కాదు. వాడి తల వాడిది. డాక్టరమ్మ చూసి సంతోషపడింది, ఇంకా కొన్నేళ్లు చూపించుకుంటూ ఉండాలంది. చూపిస్తాం.

గది నిండా జనం. ఊళ్లో కిరాయికి ఉండే ఒక చిన్న పిల్ల, మొదటి కాన్పు, ఆరు వారాల బిడ్డను ఎత్తుకుని నస్రీన్ సిస్టర్ ముందు నిలబడింది. టోపీ చూడగానే వెనక్కి జరిగింది.

"నాకొద్దు సిస్టర్. మీ ఫోను తప్పు చెప్తదట గదా. గా అక్క కొడుకుకు మంచిగున్నదని చెప్పిందట," అని నా వైపు చూపించింది. ఇంకో ఇద్దరు తల్లులు కూడా అవునన్నారు. సిస్టర్ మొహం చిన్నబోయింది. టోపీ మడత పెట్టింది. ఆరు నెలలుగా ఆమె ఇలాగే మడత పెడుతోందని నాకు అప్పుడు అర్థమైంది.

మా అత్తమ్మ మనుమణ్ని నా చేతికి ఇచ్చి లేచి నిలబడింది.

"ఫోను తప్పు చెప్పలే," అంది. "సిస్టరు తప్పు చెయ్యలే. గా దినం తువ్వాల గట్ల పెట్టింది నేను. చేతులు జారుతయని కాదు. తెలిసే పెట్టిన."

ఆమె ఆ చిన్న పిల్ల వైపు తిరిగింది.

"నా మనుమని తల సక్కగ లేదని నా చేతులకు అప్పటికే ఎరుక. ఊరందరి పిల్లల తలలు చేసిన బాలమణి ఇంట్ల తల చెయ్యలేకపొయ్యిందంటరని భయమైంది. చెవుల పక్క తువ్వాల మడతలు పెట్టి వెడల్పు చేసిన. ఫోను నా చేతులను కొలిచింది, పోరని తలను కాదు. తప్పంత ఈ సిస్టరు తన మీదేసుకున్నది. దవాఖానకొచ్చి నాతోని నావల్లనే లేటైందన్నది. అప్పుడు గూడ నేను నోరు తెరవలే. ఎనిమిది వారాలు పాడు చేసిన. మా పోరని నసీబు మంచిగుండి బయటపడ్డడు. మీ పిల్లలతోని మీరు గిట్ల చెయ్యకున్రి."

నేను అక్కడే, అందరితో పాటే, మొదటిసారి విన్నాను. నాకు ముందు వచ్చింది కోపమే, అబద్ధం ఎందుకు. ఆ ఎనిమిది వారాలు నా కొడుకువి. వాడి తల మీది గీత వైపు చూశాను, ఆమె వైపు చూశాను. ముప్పై ఏళ్లుగా ఆ ఊళ్లో ఆమెకున్న ఆస్తి ఒక్క పేరే. దాన్ని కాపాడుకోవడానికి మనుమణ్నే పణంగా పెట్టిన మనిషి, ఇప్పుడు ఎవరూ అడగకుండానే ఆ పేరు తెచ్చి నేల మీద పోసింది. ఆమె దాచి ఉంటే ఎప్పటికీ ఎవరికీ తెలిసేది కాదు. ఆ క్షణంలో ఆమె నా అత్త అయినందుకు నాకు గర్వమనిపించింది. కోపం ఇంకా పూర్తిగా పోలేదు. రెండూ ఉన్నాయి, కానీ గర్వమే ఎక్కువ.

నస్రీన్ సిస్టర్ కళ్లు తుడుచుకుంది. "కూసోన్రి పెద్దమ్మా," అంది.

"కూసుంటె పని గాదు," అని మా అత్తమ్మ ఆ చిన్న పిల్ల వైపు చేతులు చాపింది. ఆ పిల్ల ఒక్క క్షణం ఆలోచించి బిడ్డను ఇచ్చింది. మా అత్తమ్మ భుజం మీది తువ్వాలు తీసి కిటికీ మీద పడేసింది. బిడ్డను బల్ల మీద పడుకోబెట్టి, సిస్టర్ టోపీ తొడిగేదాకా ఆగి, రెండు చేతులతో భుజాలు మాత్రమే పట్టుకుంది. ఆ చేతుల్లోకి పోయిన పిల్లలు ఎప్పుడూ కదలరు, ఈ బిడ్డా కదలలేదు.

"ఇగ ఫోటో కొట్టు సిస్టరూ," అంది. "నా చేతులు యాడున్నయో ముందుగాల చూసి కొట్టు."

నస్రీన్ సిస్టర్ వంగి చూసింది. చూశాకే ఫోటో తీసింది.